ఉద్యాన ఎగుమతులు - మొక్కల ఆరోగ్య తనిఖీ

మొక్కల ఆరోగ్య తనిఖీ అనగా పండ్లు, కూరగాయలు, పూలు, విత్తనాలు, నారు వంటి మొక్కల సంబంధమైన సరుకు ఒక దేశం నుంచి మరొక దేశానికి వెళ్ళేటప్పుడు, దానితో పాటు పురుగులు, తెగుళ్ళు, కలుపు విత్తనాలు వెళ్ళకుండా చూసే ప్రభుత్వ వ్యవస్థ. ఇటువంటి తనిఖీ పూర్తయిన తరువాత ఎగుమతి చేసే దేశపు ప్రభుత్వం ఒక ధ్రువపత్రం ఇస్తుంది. దీనిని ఫైటోశానిటరీ సర్టిఫికెట్ అంటారు. వ్యాపారుల వాడుకలో ఇది క్లుప్తంగా "ఫైటో". ఈ పత్రం లేనిదే చాలా దేశాల ఓడరేవులు, విమానాశ్రయాలలో తాజా పండ్లను, కూరగాయలను దింపనివ్వరు. ఆంధ్రప్రదేశ్, తెలంగాణ రాష్ట్రాలలో మామిడి, అరటి, మిరప, కూరగాయలు, కూరగాయ విత్తనాలు ఎగుమతి చేసేవారికి ఈ వ్యవస్థతో నిత్యం పని పడుతుంది. మెదక్ జిల్లా చేగుంట వంటి మండలాలలోని తోటల యజమానులకు మాత్రం దీని గురించి తెలిసినది తక్కువ.

ఆహార భద్రత తనిఖీ, మొక్కల ఆరోగ్య తనిఖీ ఒకటే అని చాలామంది భావిస్తారు. అవి వేరు వేరు. పండులో మందుల అవశేషాలు పరిమితికి మించి ఉన్నాయా అన్నది తినేవారి ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. పండులో పురుగు గుడ్డు ఉందా అన్నది దిగుమతి చేసుకునే దేశంలోని తోటల ఆరోగ్యానికి సంబంధించిన ప్రశ్న. 2014లో సౌదీ అరేబియా భారతదేశపు పచ్చిమిరపను నిలిపివేసినది మొదటి కారణంతో. అదే సంవత్సరం ఐరోపా సమాఖ్య మామిడిని నిలిపివేసినది రెండవ కారణంతో. పురుగు ఉంటుందేమోనన్న భయంతో మందు ఎక్కువగా కొట్టిన రైతు రెండవ పరీక్షలో గట్టెక్కి మొదటి పరీక్షలో తప్పడం సాధారణంగా జరిగే విషయమే.

చరిత్ర

బ్రిటిషు పాలనలో 1914లో వచ్చిన వినాశకర కీటకాలు, తెగుళ్ళ చట్టం భారతదేశంలో ఈ వ్యవస్థకు మూలం. ఇది ప్రధానంగా దిగుమతులను నియంత్రించడానికి చేసిన చట్టం. దీని క్రింద ఇచ్చిన మొక్కల క్వారంటైన్ ఉత్తర్వు 2003, 2004 జనవరి నుంచి అమలులోకి వచ్చింది. కేంద్ర వ్యవసాయ శాఖ పరిధిలో ఫరీదాబాద్ కేంద్రంగా పనిచేసే మొక్కల సంరక్షణ, క్వారంటైన్, నిల్వ డైరెక్టరేట్ 1946లో ఏర్పడింది. దేశంలోని ముఖ్యమైన ఓడరేవులు, విమానాశ్రయాల వద్ద గల క్వారంటైన్ కేంద్రాలు దీని క్రిందివే. తెలుగు రాష్ట్రాలలో హైదరాబాదు, విశాఖపట్నం కేంద్రాలు ముఖ్యమైనవి. ఎగుమతి ధ్రువపత్రాలు ఇచ్చే అధికారం ఈ కేంద్రాలతో పాటు, కేంద్రం నోటిఫై చేసిన కొన్ని రాష్ట్ర ప్రభుత్వ శాఖల అధికారులకు, పరిశోధన సంస్థలకు కూడా ఉంటుంది.

అంతర్జాతీయంగా చూస్తే, ఐక్యరాజ్య సమితి ఆహార, వ్యవసాయ సంస్థ ఆధ్వర్యంలో 1951లో అంతర్జాతీయ మొక్కల సంరక్షణ ఒడంబడిక కుదిరింది. భారతదేశం 1952లో ఇందులో చేరింది. ప్రపంచ వాణిజ్య సంస్థతో పాటు 1995 జనవరి 1న అమలులోకి వచ్చిన పారిశుద్ధ్య, మొక్కల ఆరోగ్య చర్యల ఒప్పందం దీనికి వాణిజ్య బలాన్ని ఇచ్చింది. ఈ ఒప్పందం ప్రకారం ఒక దేశం పురుగు భయంతో దిగుమతిని ఆపవచ్చును కాని, ఆ భయానికి శాస్త్రీయమైన ఆధారం చూపవలసి ఉంటుంది. ఎగుమతి చేసే దేశం తన వంతుగా ఫలానా ప్రాంతంలో ఆ పురుగు లేదని నిరూపించగలిగితే, ఆ ప్రాంతపు సరుకును వేరుగా చూడవలసి ఉంటుంది. ఈ చివరి అంశం పేద దేశాలకు మేలు చేసేది. అయితే నిరూపించడానికి సంవత్సరాల తరబడి ఎరల లెక్కలు, సర్వేలు, ప్రయోగశాలలు కావాలి. అందువలన కాగితం మీద ఉన్న హక్కు చాలా సందర్భాలలో అక్కడే ఉండిపోతున్నది.

హైదరాబాదు రాజేంద్రనగర్‌లో 1966లో స్థాపించిన కేంద్ర మొక్కల సంరక్షణ శిక్షణ సంస్థ, 2008 అక్టోబరులో స్వయం ప్రతిపత్తి పొంది జాతీయ మొక్కల ఆరోగ్య యాజమాన్య సంస్థగా మారింది. క్వారంటైన్ అధికారులకు, ధూమనం చేసే సిబ్బందికి, రాష్ట్ర శాఖల ఉద్యోగులకు ఇక్కడ శిక్షణ ఇస్తారు. అదే రాజేంద్రనగర్‌లో జాతీయ మొక్కల జన్యు వనరుల సంస్థ ప్రాంతీయ కేంద్రం ఉన్నది. పటాన్‌చెరులో 1972లో స్థాపించిన ఇక్రిశాట్ సంస్థ నుంచి వివిధ దేశాలకు వెళ్ళే జొన్న, కంది, శనగ, వేరుశనగ విత్తనాలను ఈ కేంద్రం పరీక్షిస్తుంది. పటాన్‌చెరు 2016 అక్టోబరు వరకు మెదక్ జిల్లాలోనే ఉండేది, ప్రస్తుతం సంగారెడ్డి జిల్లాలో ఉన్నది. అంటే పాత మెదక్ జిల్లాకు అంతర్జాతీయ మొక్కల క్వారంటైన్‌తో దాదాపు అర్ధ శతాబ్దపు పరిచయం ఉన్నది. కాని అది పరిశోధన విత్తనాలకే పరిమితమై, రైతు తోట వరకు రాలేదు.

పండు ఈగ, టెంక పురుగు

మామిడి ఎగుమతిలో వచ్చే చిక్కులన్నీ దాదాపు రెండు పురుగుల చుట్టూ తిరుగుతాయి. మొదటిది పండు ఈగ. దీని శాస్త్రీయ నామం బాక్ట్రోసెరా డోర్సాలిస్. దీనికి దగ్గరి బంధువులైన మరికొన్ని జాతులు కూడా మన తోటలలో ఉన్నాయి. పక్వానికి వస్తున్న కాయ తొక్కలోకి ఆడ ఈగ సూదివంటి అవయవంతో గుడ్లు పెడుతుంది. బయటకు కనిపించేది ఒక చిన్న చుక్క మాత్రమే. గుడ్ల నుంచి వచ్చిన పిల్లపురుగులు గుజ్జు తింటూ పెరుగుతాయి. పండు రాలిన తరువాత అవి నేలలోకి చేరి ప్యూపాలుగా మారతాయి. రాలిన పండ్లను తోటలోనే వదిలివేస్తే మరుసటి తరం ఈగలను పెంచినట్లే అవుతుంది.

రెండవది టెంక పురుగు. ఇది చిన్న పిందె దశలోనే లోపలికి చేరుతుంది. పిల్లపురుగు టెంకలోకి తొలుచుకుపోయిన దారి కాయ పెరిగే కొద్దీ పూడిపోతుంది. పండు పైకి నిగనిగలాడుతూ ఉంటుంది, కోసి తింటే రుచిలో తేడా ఉండదు. టెంకను పగులగొడితే గాని విషయం బయటపడదు. తినేవారికి దీనివలన నష్టం లేదు. కాని టెంకను పారవేసిన చోట పురుగు బయటకు వస్తుంది. ఆ దేశంలో మామిడి తోటలు ఉంటే అదే చాలు.

తనిఖీ అధికారికి ఎదురయ్యే మరొక చిక్కు కూడా ఉన్నది. పండులో పిల్లపురుగు కనిపిస్తే అది ఏ జాతి ఈగదో చూడగానే చెప్పడం కష్టం. దానిని పెంచి పెద్ద ఈగ అయ్యే వరకు ఆగాలి, లేదా డీఎన్ఏ పరీక్ష చేయాలి. తాజా పండు అన్ని రోజులు ఆగదు. కాబట్టి ఏ పురుగు కనిపించినా లాటు మొత్తాన్ని తిరస్కరించడమే ఆనవాయితీ అయింది.

వివిధ దేశాల నియమాలు

జపాను 1986లో పండు ఈగ కారణంగా భారతదేశపు మామిడిని నిషేధించింది. ఈ నిషేధం 2006 జూన్‌లో తొలగింది. ఇందుకు షరతు వేడి ఆవిరి ప్రక్రియ. గదిలోకి తేమతో కూడిన వేడి గాలిని పంపి, పండు లోపలి భాగం 47.5 డిగ్రీల సెల్సియస్‌కు చేరిన తరువాత 20 నిమిషాలు అదే వేడిలో ఉంచాలి. లోపలి భాగం ఆ వేడికి చేరడానికే గంటల సమయం పడుతుంది. అనుమతి పొందిన ఆరు రకాలలో బంగినపల్లి ఒకటి. దీనినే తెలంగాణలో బేనిషాన్ అంటారు. ఈ రకానికి 2017 మే నెలలో భౌగోళిక గుర్తింపు లభించింది. ఆంధ్రప్రదేశ్‌లో నూజివీడు, తిరుపతి ప్రాంతాలలో ఇటువంటి శుద్ధి సదుపాయాలు ఏర్పాటయ్యాయి. పక్వానికి రాని కాయను ఈ ప్రక్రియకు పెడితే తొక్క కమిలిపోతుంది, గుజ్జు సరిగా మాగదు. అందువలన కోత తేదీని నిర్ణయించడం తోటమాలి ఇష్టానికి వదిలే విషయం కాదు.

అమెరికా సంయుక్త రాష్ట్రాలు వేరే దారి పట్టాయి. దాదాపు రెండు దశాబ్దాల విరామం తరువాత 2007లో భారతదేశపు మామిడి అక్కడికి వెళ్ళింది. ఇందుకు షరతు కనీసం 400 గ్రే మోతాదులో రేడియేషన్ శుద్ధి. మహారాష్ట్రలోని లాసల్‌గావ్ కేంద్రంలో ఇది మొదలయింది. ఈ మోతాదు పురుగును అక్కడికక్కడే చంపదు, దాని సంతానోత్పత్తి శక్తిని తీసివేస్తుంది. అంటే అమెరికాలో పెట్టె తెరిచినప్పుడు బ్రతికి ఉన్న పురుగు కనిపించినా అది నియమ విరుద్ధం కాకపోవచ్చు. కళ్ళతో చూసి శుద్ధి జరిగిందో లేదో చెప్పే వీలు లేదు. పండుకు ఎంత మోతాదు అందిందో చూపే నమోదు, దానిపై అధికారి సంతకం, ఇవే సాక్ష్యాలు. 2025 మే నెలలో జరిగిన సంఘటన ఈ కారణంగానే అంత తీవ్రంగా పరిణమించింది. నవీ ముంబయిలోని ఒక కేంద్రంలో శుద్ధి చేసిన 15 కన్‌సైన్‌మెంట్ల మామిడిని పత్రాలలో లోపాలు ఉన్నాయని లాస్ ఏంజిలెస్, శాన్ ఫ్రాన్సిస్కో, అట్లాంటా విమానాశ్రయాలలో తిరస్కరించారు. వెనక్కి తెచ్చుకోవడానికి అయ్యే ఖర్చు పండ్ల విలువను మించిపోయేలా ఉండడంతో ఎగుమతిదారులు వాటిని అక్కడే నాశనం చేయించారు. నష్టం సుమారు 5 లక్షల డాలర్లని అంచనా వేశారు. పండ్లలో పురుగు ఉన్నట్లు ఎవరూ ఆరోపించలేదు.

కరోనా సమయంలో అమెరికా అధికారులు శుద్ధి కేంద్రాలకు రాలేకపోవడంతో 2020, 2021 సీజన్లలో ఆ దేశానికి మామిడి ఎగుమతి నిలిచిపోయింది. 2022లో తిరిగి మొదలయింది. 2021 నవంబరులో రెండు దేశాల మధ్య జరిగిన చర్చలలో, ముందస్తు తనిఖీ పర్యవేక్షణను దశలవారీగా భారతదేశానికి అప్పగించడానికి అంగీకారం కుదిరింది. అంతకు ముందు వరకు ప్రతి సీజనులో ఆ దేశపు అధికారి ఖర్చును ఎగుమతి చేసేవారే భరించవలసి వచ్చేది. మన అధికారుల మాట ఇతర దేశాలకు చాలినంత నమ్మకం కలిగిస్తే ఈ ఖర్చు మిగులుతుంది. తనిఖీ సేవలను బలపరచడం వలన కలిగే లాభాలలో రూపాయలలో లెక్క కట్టగలిగినది ఇదొకటి.

2014 ఐరోపా నిషేధం

తెలుగు రాష్ట్రాల ఎగుమతిదారులపై ఎక్కువ ప్రభావం చూపిన సంఘటనలలో ఇది ఒకటి. 2013లో భారతదేశం నుంచి ఐరోపా సమాఖ్యకు చేరిన పండ్లు, కూరగాయల కన్‌సైన్‌మెంట్లలో 207 పురుగులతో పట్టుబడ్డాయి. దీనితో 2014 మే 1 నుంచి మామిడి, వంకాయ, కాకర, పొట్ల, చేమ దుంప దిగుమతులను ఐరోపా నిలిపివేసింది. పత్రికలు దీనిని ఆల్ఫాన్సో నిషేధంగా రాశాయి. వాస్తవానికి అది మామిడి జాతి మొత్తానికి వర్తించింది. కాబట్టి రత్నగిరి పండుతో పాటు ఏ తప్పూ చేయని బంగినపల్లి, హిమాయత్ కూడా ఆగిపోయాయి. లండన్‌లో స్థిరపడిన తెలుగువారికి ఆ వేసవిలో పాకిస్తాన్ పండే దిక్కయింది.

నిషేధంలో చేరిన నాలుగు కూరగాయలు గమనించదగినవి. కాకర, పొట్ల, చేమ, వంకాయ ఐరోపావారి వంటకు కాక అక్కడి ప్రవాస భారతీయుల వంటకు వెళ్ళేవి. పెద్ద వ్యాపార సంస్థల ద్వారా కాక, రకరకాల మార్కెట్ల నుంచి కొద్దికొద్దిగా సేకరించి, ఒకే పెట్టెలో సర్ది విమానంలో పంపేవారు ఈ వ్యాపారంలో ఎక్కువ. ఏ కాయ ఏ పొలానిదో వారికే తెలియదు. విమానాశ్రయంలో పైపై తనిఖీ తరువాత ధ్రువపత్రం లభించేది. లోపం ఇక్కడే ఉన్నదని భారత ప్రభుత్వం కూడా గుర్తించి, 2014 ఏప్రిల్ 1 నుంచి ఐరోపాకు వెళ్ళే పండ్లు, కూరగాయలు అపెడా గుర్తింపు పొందిన ప్యాక్‌హౌస్‌ల ద్వారా, క్వారంటైన్ అధికారుల తనిఖీలోనే వెళ్ళాలని నిబంధన పెట్టింది. అపెడా అనగా వ్యవసాయ, ప్రాసెస్డ్ ఆహార ఉత్పత్తుల ఎగుమతి అభివృద్ధి సంస్థ. ఐరోపాకు వెళ్ళే మామిడిని 48 డిగ్రీల వేడినీటిలో 60 నిమిషాలు ఉంచే పద్ధతి అమలులోకి వచ్చింది. ఐరోపా తనిఖీ బృందం వచ్చి చూసిన తరువాత 2015 ఆరంభంలో మామిడిపై నిషేధం తొలగింది. కొన్ని కూరగాయల విషయంలో అది ఆ తరువాత కూడా కొనసాగింది.

2019 డిసెంబరు 14 నుంచి ఐరోపాలో కొత్త మొక్కల ఆరోగ్య చట్టం వర్తిస్తున్నది. దీని ప్రకారం అనాస, అరటి, కొబ్బరి, ఖర్జూరం, డ్యూరియన్ అనే ఐదు పండ్లు తప్ప దాదాపు అన్ని తాజా పండ్లకు, కూరగాయలకు ధ్రువపత్రం తప్పనిసరి.

నమూనా లెక్క

కన్‌సైన్‌మెంట్‌లోని ప్రతి పండునూ కోసి చూడడం కుదరదు. కొన్నింటిని నమూనాగా తీసి పరీక్షిస్తారు. ఎన్ని తీయాలి అన్న ప్రశ్నకు సమాధానం సంభావ్యత గణితంలో ఉన్నది. ఒక పెద్ద లాటులో నూటికి ఒక పండు పురుగు పట్టి ఉన్నదనుకుందాము. అందులో 20 పండ్లు కోసి చూస్తే పురుగు బయటపడే అవకాశం సుమారు 18 శాతం మాత్రమే. 60 పండ్లు చూస్తే సుమారు 45 శాతం. 95 శాతం నమ్మకంతో చెప్పాలంటే దాదాపు 300 పండ్లు కోయాలి. నూటికి ఐదు పండ్లు పురుగు పట్టిన లాటు అయితే 59 పండ్లతోనే అంత నమ్మకం వస్తుంది. అనగా సరుకు ఎంత శుభ్రంగా ఉంటే, మిగిలిన కొద్దిపాటి లోపాన్ని పట్టుకోవడానికి అంత ఎక్కువ పండ్లు కోయవలసి వస్తుంది.

తనిఖీ అధికారుల సంఖ్య పెంచితే సమస్య తీరిపోతుందన్న అభిప్రాయం సరికాదని ఈ లెక్క తెలుపుతుంది. విమానాశ్రయంలో ఎంత శ్రద్ధగా చూసినా, తోటలో జరిగిన పొరపాటును చివరి గంటలో పూర్తిగా పట్టుకోలేరు. అందుకే ప్రస్తుత పద్ధతిలో తనిఖీ తోట వద్దనే మొదలవుతుంది. తోటను అపెడా ఆన్‌లైన్ వ్యవస్థలో నమోదు చేస్తారు. ఉద్యాన శాఖ అధికారి తోటను చూసి నివేదిక రాస్తారు. మిథైల్ యూజినాల్ ఎరలు కట్టి, వారం వారం ఎన్ని మగ ఈగలు పడ్డాయో రాసుకుంటారు. రాలిన కాయలను ఏరి పూడ్చివేస్తారు. కాయను తొడిమతో కోసి, సొన కారిన తరువాత ప్యాక్‌హౌస్‌కు పంపుతారు. అక్కడ కిటికీలకు సన్నని వల, రెండు తలుపుల ప్రవేశం ఉంటాయి. శుద్ధి చేసిన పండు, చేయని పండు ఒకే గదిలో కలవకూడదు. పెట్టెల గాలి రంధ్రాలకు కూడా వల అంటించాలి. ఆ తరువాతనే అధికారి నమూనా కోసి చూసి, సీలు వేసి, ధ్రువపత్రం ఇస్తారు. పండ్లను చెక్క పలకలపై పంపితే ఆ చెక్కను కూడా 56 డిగ్రీల వేడిలో 30 నిమిషాలు ఉంచి, గోధుమ కంకి గుర్తు గల ముద్ర వేయాలి. పండు బాగుండి చెక్క ముద్ర లేక ఆగిపోయిన సరుకు కూడా ఉంటుంది.

చేగుంట ప్రాంతంలో పరిస్థితి

చేగుంట మెదక్ జిల్లాలో ఒక మండల కేంద్రం. హైదరాబాదు నుంచి నాగపూర్ వెళ్ళే 44వ నంబరు జాతీయ రహదారి ఈ ప్రాంతం మీదుగా వెళుతుంది. వడియారం రైల్వే స్టేషను దగ్గరలో ఉన్నది. వరి, మొక్కజొన్నతో పాటు బోరుబావుల క్రింద కూరగాయలు, అక్కడక్కడ మామిడి తోటలు ఈ ప్రాంతపు సేద్యం. ఇక్కడ క్వారంటైన్ కేంద్రం లేదు. ఎగుమతి చేయదలచిన రైతు హైదరాబాదు వైపే చూడవలసి ఉంటుంది. 2008 మార్చిలో శంషాబాదు విమానాశ్రయం మొదలైన తరువాత విమాన సరుకు రవాణా అక్కడి నుంచి జరుగుతున్నది. పాత మెదక్ జిల్లా పరిధిలోనే సంగారెడ్డిలో మామిడి రకాల పెద్ద సేకరణ గల ఫల పరిశోధన స్థానం, ములుగులో కొండా లక్ష్మణ్ పేరిట ఏర్పడిన ఉద్యాన విశ్వవిద్యాలయం ఉన్నాయి. కాబట్టి శాస్త్ర సలహాకు దూరం కాదు, రోడ్డుకు దూరం కాదు. కొరత వేరే చోట ఉన్నది.

తెలంగాణలో చాలా మామిడి తోటలను పూత మీదనో, పిందె మీదనో గుత్తకు ఇస్తారు. గుత్తదారు డబ్బు కట్టి, మందులు కొట్టించి, కావలి పెట్టి, కాయ కోయించి మార్కెటుకు తోలుకుపోతాడు. రైతుకు ముందుగానే డబ్బు చేతికి వస్తుంది, గాలివానకు కాయ రాలితే ఆ నష్టంలో పెద్ద భాగం గుత్తదారుది. కరువు ప్రాంతపు రైతుకు ఇది తెలివైన ఏర్పాటే. కాని ఎగుమతి నమోదుకు ఇదే పెద్ద అడ్డంకి. తోట రిజిస్ట్రేషను పట్టాదారు పేరు మీద ఉంటుంది. ఏ మందు ఎప్పుడు కొట్టారో తెలిసినది గుత్తదారుకు. ఎరలు కట్టి లెక్క రాయడం ఇద్దరిలో ఎవరి పని అన్నది ఏ ఒప్పందంలోనూ ఉండదు. పైగా గుత్తదారు ఐదారు తోటల కాయను ఒకే లారీలో కలుపుతాడు. అక్కడితో ఏ కాయ ఏ తోటదో చెప్పే దారి మూసుకుపోతుంది. విదేశాలలో ఒక పండులో పురుగు కనిపిస్తే ఆ సమాచారం తిరిగి వచ్చేది ప్యాక్‌హౌస్ వరకే, తోట వరకు రాదు. మరుసటి ఏడాది అదే తోటలో అదే పురుగు ఉంటుంది.

రెండు ఎకరాల తోటకు నమోదు, ఎరలు, రికార్డులు, విడిగా రవాణా, ఇవన్నీ కలిపితే అయ్యే ఖర్చు స్థానిక మార్కెటు ధరకు, ఎగుమతి ధరకు గల తేడాను మింగివేయవచ్చు. భారతదేశం మామిడి ఉత్పత్తిలో ప్రపంచంలో మొదటి స్థానంలో ఉన్నప్పటికీ, తాజా పండుగా ఎగుమతి అయ్యేది మొత్తం దిగుబడిలో ఒక శాతానికి లోపే. స్థానికంగా మంచి ధర పలికే ఏడాదిలో ఎగుమతి గురించి ఆలోచించకపోవడం రైతు అజ్ఞానం అనుకోనవసరం లేదు. రైతు ఉత్పత్తిదారుల సంఘాలు ఒక గ్రామపు తోటలన్నింటినీ కలిపి నమోదు చేయిస్తే ఖర్చు పంచుకోవచ్చు. పండు ఈగకు గట్లు తెలియవు కనుక, పక్క తోటలో రాలిన కాయ కుళ్ళుతుంటే ఒక్కరి ఎరలు ఎలాగూ చాలవు. ఈ విషయంలో ఖర్చు తగ్గించే దారి, పురుగు తగ్గించే దారి ఒకటే కావడం విశేషం.

శుద్ధి పరిశ్రమకు వెళ్ళే కాయ పరిస్థితి భిన్నమైనది. చిత్తూరు ప్రాంతపు తోతాపురి, అంటే తెలంగాణలో కలెక్టరు కాయ, గుజ్జుగా మారి డబ్బాలలో వెళుతుంది. వేడిచేసి డబ్బాలో మూసిన గుజ్జులో పురుగు బ్రతికే వీలు లేదు కనుక దానికి మొక్కల ఆరోగ్య నియమాలు దాదాపు వర్తించవు. అరటి విషయంలో కూడా భారం తక్కువ. 2020 జనవరిలో అనంతపురం జిల్లా తాడిపత్రి నుంచి ముంబయి రేవుకు 43 శీతల కంటైనర్లలో 980 టన్నుల అరటితో ప్రత్యేక రైలు వెళ్ళింది. పచ్చిగా కోసిన అరటికాయలో పండు ఈగ సమస్య సాధారణంగా ఉండదు.

విత్తనాలు

హైదరాబాదు చుట్టుప్రక్కల జిల్లాలకు కూరగాయ విత్తనాల వ్యాపారం ముఖ్యమైనది. విత్తనంలో ఈగ ఉండదు గాని వైరస్, బాక్టీరియా ఉండవచ్చు. టమాటా బ్రౌన్ రూగోస్ ఫ్రూట్ వైరస్ వ్యాపించిన తరువాత ఐరోపా 2019 నుంచి టమాటా, మిరప విత్తనాలపై ప్రత్యేక నిబంధనలు పెట్టింది. ఇక్కడ కంటితో చేసే తనిఖీకి విలువ లేదు. గుర్తింపు పొందిన ప్రయోగశాలలో అణుస్థాయి పరీక్ష జరగాలి. పంట పొలంలో ఉన్నప్పుడే అధికారి చూసి ఉండాలని కొన్ని దేశాలు కోరతాయి. కోత అయిపోయిన తరువాత అడిగితే ఆ తనిఖీని వెనక్కి వెళ్ళి చేయలేరు. కాబట్టి ఏ దేశానికి పంపాలో విత్తు నాటక ముందే తెలిసి ఉండడం అవసరం.

బలపరచడానికి జరిగిన ప్రయత్నాలు

1914 నాటి చట్టం స్థానంలో కొత్త చట్టం తేవడానికి వ్యవసాయ జీవభద్రత బిల్లును 2013లో లోక్‌సభలో ప్రవేశపెట్టారు. మొక్కలు, జంతువులు, జలచరాల క్వారంటైన్‌ను ఒకే ప్రాధికార సంస్థ క్రిందికి తేవడం దీని ఉద్దేశం. 2014లో ఆ లోక్‌సభ రద్దు కావడంతో బిల్లు మురిగిపోయింది. చట్టం మారకపోయినా పని పద్ధతి కొంత మారింది. దరఖాస్తు, రుసుము, ధ్రువపత్రం ఆన్‌లైన్‌లోకి వచ్చాయి. కాగితపు పత్రానికి బదులు దేశాల మధ్య నేరుగా ఎలక్ట్రానిక్ ధ్రువపత్రం పంపే ఈ-ఫైటో విధానాన్ని అంతర్జాతీయ ఒడంబడిక సచివాలయం నడుపుతున్నది. దొంగ పత్రాలకు, అక్షర దోషాలతో సరుకు నిలిచిపోవడానికి ఇది చాలావరకు విరుగుడు.

ఇప్పటికీ మిగిలిన లోపాలలో పెద్దది, పురుగుల జాబితాలకు ఆధారమైన సర్వేలు చాలినంతగా లేకపోవడం. ఏ మండలంలో ఏ పురుగు ఎంత ఉందో అనేక సంవత్సరాల లెక్క ఉంటేనే "పురుగు తక్కువగా ఉన్న ప్రాంతం" అన్న గుర్తింపు కోరవచ్చు. ఈ లెక్క క్వారంటైన్ అధికారి తీయలేడు. అతని ఉద్యోగం ఓడరేవులో. దానిని తీయవలసినది గ్రామస్థాయిలో ఉండే ఉద్యాన, వ్యవసాయ విస్తరణ సిబ్బంది. వారికి ఇతర పథకాల పనులే ఎక్కువ. కేంద్ర క్వారంటైన్ వ్యవస్థకు, రాష్ట్ర ఉద్యాన శాఖకు మధ్య ఉన్న ఈ ఖాళీ పూరించకుండా విమానాశ్రయంలో ఎంత ఖరీదైన ప్రయోగశాల పెట్టినా దాని ఉపయోగం పరిమితమే.

ఇదే సర్వే దేశంలోకి వచ్చే పురుగులను పట్టుకోవడానికి కూడా అవసరం. 2008లో తమిళనాడులో కనిపించిన బొప్పాయి పిండినల్లి, 2014లో మహారాష్ట్రలో బయటపడి తెలంగాణకు కూడా వ్యాపించిన టమాటా టూటా పురుగు, 2016లో దక్షిణాదిన మొదలై గోదావరి జిల్లాల కొబ్బరికి చేరిన సర్పిలాకార తెల్లదోమ, ఇవన్నీ బయటి నుంచి వచ్చినవే. 2021లో గుంటూరు, ఖమ్మం ప్రాంతాల మిరప తోటలను నాశనం చేసిన నల్ల తామర పురుగు కూడా అటువంటిదే. ఆ ఏడాది పూతంతా రాలిపోయి, పంటను మధ్యలోనే దున్నివేసిన రైతులు ఉన్నారు. విదేశీ అధికారి మన మామిడిపెట్టెలో వెతికేది ఇటువంటి దానినే, తన దేశపు తోటల కోసం.